ఊపిరి లెక్క: నిమిషానికి ఆరు దాకా ఎలా తేవాలి, వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

మనసు బాగోలేదన్న మనిషికి మనవాళ్లు చెప్పే మొదటి మాట "గట్టిగా ఊపిరి పీల్చుకో". ఆ మాట పట్టుకుని పదిసార్లు గట్టిగా పీల్చినవాళ్లకు తల తిరుగుతుంది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, ఉన్న దడ ఇంకాస్త పెరుగుతుంది. "మనకీ ప్రాణాయామాలు పడవండీ" అని లేచిపోతారు. తప్పు వాళ్లది కాదు, ఆ "గట్టిగా" అన్న మాటది. కావలసింది నెమ్మది. గట్టిగా పీల్చడం వేరు, నెమ్మదిగా పీల్చడం వేరు. ఆ తేడా వింటే తెలిసేది కాదు, గడియారం పెట్టుకుని లెక్క చూసుకుంటే తెలుస్తుంది.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. సెకన్ల ముల్లున్న గడియారం, ఒక నోట్‌బుక్, ఇంట్లో ఉంటే భుజానికి పట్టీ కట్టే బీపీ మిషన్. కోవిడ్ రోజుల్లో కొని బీరువాలో పడేసిన ఆక్సీమీటర్ ఉంటే దాన్నీ బయటికి తీసి కొత్త బ్యాటరీలు వేయండి.

1. ముందు మీ మామూలు ఊపిరి ఎంతో చూడండి

ఊరికే కూర్చున్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. మన పాత లెక్క కూడా దీనికి దగ్గరగానే ఉంది. రోజుకు 21,600 శ్వాసలని యోగ గ్రంథాలు చెబుతాయి. రోజుకు 1,440 నిమిషాలు కదా, భాగిస్తే సరిగ్గా 15 వస్తుంది.

చిక్కేమిటంటే, ఎవరి ఊపిరి వాళ్లు లెక్కపెట్టుకోవడం మొదలెట్టగానే అది మారిపోతుంది. ఫొటో తీస్తున్నారని తెలిస్తే నవ్వు బిగుసుకుపోయినట్టే ఇదీ. అందుకే అనుభవమున్న నర్సులు మణికట్టు పట్టుకుని పల్స్ చూస్తున్నట్టే ఉండి, కళ్లతో మన ఛాతీ కదలిక లెక్కపెట్టేస్తారు. మీరూ ఆ యుక్తి వాడండి. మీరు టీవీ చూస్తున్నప్పుడు మీకు చెప్పకుండా లెక్కపెట్టమని ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. పొట్టగానీ భుజంగానీ ఒకసారి లేచి పడితే ఒకటి. ఒంటరిగా ఉంటే ఫోన్‌ను ఎదురుగా ఆనించి వీడియో ఆన్ చేసి, పేపరు చదువుతూ ఐదు నిమిషాలు కూర్చోండి. తర్వాత ఆ వీడియోలో మధ్యలోని ఒక నిమిషం చూసి లెక్కపెట్టండి. మొదటి నిమిషం వద్దు, అప్పటికింకా కెమెరా గుర్తుంటుంది.

పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్క ఊపిరి అటూ ఇటూ అయినా జవాబు నాలుగు తేడా వస్తుంది. మూడు వేర్వేరు రోజుల లెక్క రాసుకోండి. కదలకుండా కూర్చున్నా రోజూ 20 దాటుతోందంటే, పైగా ఆయాసం కూడా ఉంటే, ఈ సాధన పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించుకోండి.

2. అదే పూట పల్స్, బీపీ రాసి పెట్టుకోండి

బీపీ చూసుకునేటప్పుడు మనవాళ్లు చేసే తప్పులు చాలా. మెట్లెక్కి వచ్చి వెంటనే పట్టీ కట్టేస్తారు, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే మీట నొక్కేస్తారు, పట్టీ బిగుస్తుండగా కూతురితో ఫోను మాట్లాడతారు. అరగంట ముందు నుంచీ కాఫీ, టీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చొక్కా చెయ్యి మీద నుంచి కట్టకండి. మాట్లాడకండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. మొదటి అంకె తరచూ ఎక్కువ వస్తుంది. మనకు నచ్చిన అంకె వచ్చేదాకా మీట నొక్కుతూ పోవడం కొలవడం కిందికి రాదు.

3. ఆరే ఎందుకు?

మెడ దగ్గరి పెద్ద రక్తనాళాల్లో రక్తపు ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. బీపీ కాస్త పెరగ్గానే అవి మెదడుకు కబురు చేస్తాయి, మెదడు గుండెను నెమ్మదించమంటుంది. బీపీ దిగితే మళ్లీ వేగం పెంచమంటుంది. ఈ కబురు వెళ్లి, పని జరిగి, ఫలితం కనబడటానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి బీపీ, గుండె వేగం సుమారు పది సెకన్లకో చుట్టు చొప్పున మెల్లగా ఊగుతూ ఉంటాయి. మరోవైపు ఊపిరికీ గుండెకూ వేరే ముడి ఉంది. లోపలికి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది.

ఊపిరి కూడా పది సెకన్లకు ఒకటి అయితే, అంటే నిమిషానికి ఆరు అయితే, ఈ రెండు ఊపులూ ఒకదానిలో ఒకటి కలుస్తాయి. అట్లతద్ది ఉయ్యాల గుర్తుంది కదా, వెనక్కి వచ్చిన క్షణాన తోస్తే కొంచెం బలానికే కొమ్మ దాకా పోతుంది. ఇదీ అంతే. బీపీని సర్దే ఆ యంత్రాంగానికి ప్రతి ఊపిరితోనూ కసరత్తు దొరుకుతుంది.

2001లో ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయానికి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 23 మందితో క్రైస్తవుల లాటిన్ 'ఆవే మరియా' జపమాల ప్రార్థన, బౌద్ధుల 'ఓం మణి పద్మే హుం' మంత్రం విడివిడిగా చేయించి కొలిచింది. రెండింటిలోనూ ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చింది, బీపీని సర్దే ఆ ప్రతిస్పందన కూడా చురుకైంది. మతాలు రెండు, భాషలు రెండు, లయ ఒకటే. ఆ ఫలితం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

మన ఇళ్లలో కూడా పరీక్షించుకోవచ్చు. "శుక్లాంబరధరం విష్ణుం శశివర్ణం చతుర్భుజం" అన్న పాదాలను తాపీగా, ఒకే ఊపిరి వదులుతూ చదివి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఐదారు సెకన్లు పడితే లయ అందినట్టే. ఆఫీసు టైమైపోతోందని పరుగుల మీద చదివే స్తోత్రానికి మాత్రం ఈ లెక్క వర్తించదు. పుణ్యం సంగతి నేను మాట్లాడటం లేదు, ఊపిరి సంగతే.

4. ఇక సాధన: నెమ్మదిగా, చిన్నగా

కుర్చీలో కూర్చోండి. పద్మాసనం అక్కర్లేదు, మోకాళ్లు నొప్పెడుతుంటే ఏ ఊపిరీ నెమ్మదించదు. ఒక చెయ్యి బొడ్డు మీద, ఒకటి ఛాతీ మీద. పీల్చినప్పుడు కింది చెయ్యి కదలాలి, పై చెయ్యి కదిలీ కదలనట్టుండాలి. ముక్కుతోనే పీల్చండి.

ఎంత గాలి పీల్చాలన్నది అసలు ప్రశ్న. ఇక్కడ ఒక లెక్క చూపిస్తాను, మళ్లీ మళ్లీ చెప్పే పని తప్పుతుంది. మామూలుగా ఒక్కో ఊపిరికి సుమారు అర లీటరు గాలి తీసుకుంటాం. అందులో దాదాపు 150 మిల్లీలీటర్లు గొంతులోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది, ఊపిరితిత్తుల్లో పని చేసేది 350. నిమిషానికి 15 సార్లయితే 5,250 మిల్లీలీటర్లు. అంతే గాలి ఆరు ఊపిర్లలో లోపలికి చేరాలంటే ఒక్కోటి 875, గొట్టాల్లో ఉండిపోయే 150 కలిపితే లీటరు చిల్లర. అంటే మామూలు ఊపిరికి రెండింతలు చాలు. మన ఊపిరితిత్తులు నిండా పీల్చితే దానికి మూడు నాలుగు రెట్లు పడతాయి. అలా ఛాతీ పగిలేలా పీల్చి వదిలితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ మోతాదు మించి బయటికి పోతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడతాయి, తల తిరుగుతుంది. మొదట్లో చెప్పిన తిమ్మిర్ల కథ అదే.

గుర్తు ఏమిటంటే, పక్కన కూర్చున్నవాళ్లకు మీ ఊపిరి వినబడకూడదు. ముక్కు కింద వేలు పెట్టుకుంటే గాలి తగిలీ తగలనట్టుండాలి. ఆవలింతలు వస్తున్నా, తల తేలిపోతున్నా పరిమాణం తగ్గించండి, వేగం అలాగే ఉంచండి.

ఒకేసారి ఆరుకు దిగకండి. మీ మామూలు లెక్క 16 అనుకుందాం. మొదటి రెండు మూడు రోజులు 12 చేయండి: రెండు సెకన్లు పీల్చి మూడు సెకన్లు వదలడం. తర్వాత 10: పీల్చడం రెండున్నర, వదలడం మూడున్నర. అది హాయిగా ఉంటే 8: మూడు పీల్చి, నాలుగున్నర వదలడం. ఆ తర్వాత 6: నాలుగు పీల్చి, ఆరు వదలడం. వదిలేది కాస్త ఎక్కువసేపు ఉంటే చాలామందికి సుఖంగా ఉంటుంది. ఐదు, ఐదు కుదిరితే అదీ మంచిదే. మధ్యలో బిగబట్టడం వద్దు. కుంభకం గురువు దగ్గర నేర్చుకునే వ్యవహారం, ఇక్కడ దానితో పని లేదు.

ఎనిమిది దగ్గరే ఆగిపోతే? ఆగండి. ఫర్వాలేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో మందులు కాని పద్ధతుల మీద ఇచ్చిన నివేదికలో, యంత్రం సాయంతో ఊపిరి నెమ్మదించే పద్ధతిని బీపీ కోసం వాడటం సబబే అంది. నడుముకో ఛాతీకో కట్టిన పట్టీ మన ఊపిరిని పసిగట్టి, దాన్ని మెల్లగా సాగదీసే స్వరాలు చెవిలో వినిపించే యంత్రం అది. అందులో లక్ష్యం నిమిషానికి 10 లోపు, ఒక్కో విడత 15 నిమిషాలు. ఆరు అంకెకు దండం పెట్టాల్సిన పని లేదు.

5. సెకన్లు ఎలా లెక్కపెట్టాలి

గడియారం వంక చూస్తూ చేస్తే పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంటుంది. కళ్లు మూసుకుని చేసే దారులున్నాయి. టిక్ టిక్‌మనే గోడ గడియారం ఉన్న గది మంచిది. ఫోన్‌లో టిక్కు టిక్కుమని లయ కొట్టే మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి 60కి పెట్టుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది మన గొంతు మనమే రికార్డు చేసుకోవడం: గడియారం చూస్తూ "పీల్చు" అని, నాలుగు సెకన్లాగి "వదులు" అని, ఆరు సెకన్లాగి మళ్లీ "పీల్చు" అని పది నిమిషాలు. ఎవరో ఇంగ్లీషు యాసలో సముద్రపు హోరు వెనకాల చెప్పేదాని కన్నా ఇది చెవికి ఇంపుగా ఉంటుంది, ప్రకటనలూ రావు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. మిశ్ర జాతి ఝంప తాళం ఆవర్తనానికి సరిగ్గా పది అక్షరాలు: ఏడు, ఒకటి, రెండు. అక్షరానికి ఒక సెకను చొప్పున వేస్తే ఒక ఆవర్తనం ఒక ఊపిరి. మొదటి నాలుగు అక్షరాలకు పీల్చి, మిగతా ఆరుకు వదలడమే. చెయ్యి దానంతటది తాళం వేస్తుంటే బుర్రకు లెక్క బరువుండదు.

6. గుండె వింటోందా? చూడండి

మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రెండు వేళ్లతో పల్స్ పట్టుకోండి. బొటనవేలితో పట్టుకోకండి, దాని సొంత కొట్టుడు వచ్చి కలుస్తుంది. ఇప్పుడు ఆరు లయలో ఊపిరి తీయండి. పీల్చేటప్పుడు దెబ్బలు దగ్గర దగ్గరగా, వదిలేటప్పుడు ఎడంగా పడటం వేలికి తెలుస్తుంది. మొదటిసారి తెలిసినప్పుడు కంగారు పడేవాళ్లుంటారు. ఇది జబ్బు కాదు, ఆరోగ్యంగా ఉన్న గుండె లక్షణం. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ 1847లోనే దీన్ని గుర్తించి రాశాడు.

ఆక్సీమీటరు వేలికి పెడితే ఇదే అంకెల్లో కనబడుతుంది. మామూలుగా 74, 75 మధ్య ఉండేది కాస్తా 68కి దిగి 80కి ఎక్కుతూ ఉంటుంది. చాలా ఆక్సీమీటర్లు కొన్ని సెకన్ల సగటు చూపిస్తాయి కాబట్టి అంకె కాస్త వెనకబడి మారుతుంది, ఊపు ఉన్నదానికన్నా చిన్నదిగా కనబడుతుంది. రెండు నిమిషాల్లో కనబడ్డ అన్నిటికన్నా పెద్ద అంకె, అన్నిటికన్నా చిన్న అంకె రాసుకుని తీసివేయండి. ఆ తేడాయే మీ కొలత. వయసు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది, పాతికేళ్ల మనవడి తేడాతో తాతగారి తేడాను పోల్చకూడదు. పక్కనున్న ఆక్సిజన్ శాతం మాత్రం మరిచిపోండి. 97, 98 ఉన్నవాళ్లకు అది దాదాపు నిండు కుండే, సాధనతో పెరగాల్సిందేమీ లేదు.

ఈ తేడాతోనే మీకు సరిపడే వేగం పట్టుకోవచ్చు. పెద్దవాళ్లలో అది నిమిషానికి నాలుగున్నర నుంచి ఏడు మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పొడగరులకు కాస్త నెమ్మది లయ కుదురుతుంటుంది. ఒక రోజు తీరిగ్గా కూర్చుని ఊపిరికి 9 సెకన్ల చొప్పున రెండు నిమిషాలు, కాసేపాగి 10, మళ్లీ 11, మళ్లీ 12 చేసి చూడండి. పల్స్ తేడా ఎక్కువగా వచ్చిందీ, మీకు హాయిగా అనిపించిందీ ఒకటే అయితే దాన్ని ఖాయం చేసుకోండి. రెండూ వేరైతే హాయిగా ఉన్నదే ఎంచుకోండి, రోజూ చేయాల్సింది మీరే కదా.

7. చేతి గడియారం మాట ఎంతవరకు వినాలి

స్మార్ట్‌వాచీలు హెచ్ఆర్‌వీ అని ఒక అంకె చూపిస్తాయి. రెండు గుండె దెబ్బల మధ్య ఎడం ఎంతెంత మారుతోందన్నదే అది, మిల్లీసెకన్లలో. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ మార్పులను వేగాన్ని బట్టి రెండు వర్గాలుగా విడదీస్తారు. మామూలు ఊపిరి ఊపు, అంటే నిమిషానికి 9 నుంచి 24 దాకా, వేగం వర్గంలో పడుతుంది. ఆరుకు దిగగానే అది నెమ్మది వర్గంలోకి జారిపోతుంది. ఈ రెండింటి నిష్పత్తి చూసి, నెమ్మది వర్గం ఎక్కువైతే మనసుకు ఒత్తిడి అని లెక్కగట్టే యాప్ అయితే, మీరు ప్రశాంతంగా కూర్చున్న సమయంలోనే "ఒత్తిడి ఎక్కువగా ఉంది" అని ఎర్ర గీత చూపించొచ్చు. అది చూసి నిజంగానే ఒత్తిడి తెచ్చుకున్నవాళ్లను నేనెరుగుదును.

కాబట్టి సాధన చేస్తున్నప్పటి హెచ్ఆర్‌వీతో మీ ఆరోగ్యాన్ని అంచనా వేయకండి. పొద్దున్నే లేచాక, కాఫీకి ముందు, రోజూ ఒకే భంగిమలో, మామూలు ఊపిరితో చూసిన అంకెనే రాయండి. ఒక్క రోజుది చూడకండి, వారం సగటు చూడండి. రాత్రి పెళ్లి భోజనం చేసి ఆలస్యంగా పడుకున్నా, జలుబు చేసినా అది పడిపోతుంది. స్నేహితుడి అంకెతో పోటీ అసలే వద్దు. మణికట్టు మీది వాచీ కన్నా ఛాతీకి కట్టే పట్టీ కచ్చితంగా చూపిస్తుంది, కానీ ఇంటి లెక్కకు కొనితీరాలనేం లేదు.

8. రోజుకో వరుస, నెలకో లెక్క

నోట్‌బుక్‌లో ఇలా ఒక వరుస చాలు: "పొద్దున 6:40. బీపీ 138/86, 134/84. పల్స్ 78. లయ 4-6. పది నిమిషాలు. నిద్ర సరిగా లేదు." చివరి ముక్క మానకండి. నెల తర్వాత ఆ అంకెలు ఎందుకలా ఉన్నాయో చెప్పేది అదే.

ఇక్కడే చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. సాధనకు ముందు బీపీ చూస్తారు, ముగియగానే మళ్లీ చూసి "పది పాయింట్లు దిగింది" అని మురిసిపోతారు. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఏమీ చేయకపోయినా కొంత దిగుతుంది. అప్పటికప్పుడు దిగింది అప్పటికే. మీకు కావలసింది సాధన లేని సమయంలో బీపీ ఎలా ఉందన్నది. అందుకే పొద్దున సాధనకు ముందు తీసిన అంకెల సగటును, మొదలుపెట్టిన వారానిదీ ఆరో వారానిదీ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో మందు మారిందా, ఉప్పు తగ్గించారా, నడక మొదలెట్టారా అన్నది కూడా రాసి ఉండాలి. లేకపోతే ఘనత ఎవరిదో తేలదు. దిగినా కొద్ది పాయింట్లే దిగుతుంది. దాన్ని చూసి బీపీ మాత్ర మానేయడం ప్రమాదం. తగ్గించాలో వద్దో డాక్టరే చెప్పాలి.

మనసు ఒత్తిడికి మిషన్ లేదు. ఒకటి నుంచి పది వరకు మీరే వేసుకోవాలి, అదీ సాధనకు ముందే. నాకు తెలిసిన ఒక ఆవిడ మార్కులు వేసుకోవడం మానేసి, ఆ రోజు పిల్లల మీద ఎన్నిసార్లు అరిచిందో రాసుకునేది. నా మట్టుకు అది ఇంకా నిక్కచ్చి కొలత.

9. ఎవరు జాగ్రత్తపడాలి

గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పల్స్ తేడా, హెచ్ఆర్‌వీ లెక్కలు అర్థం ఇవ్వవు. మెటోప్రొలాల్, ఎటినొలాల్ లాంటి మాత్రలు పల్స్‌ను తగ్గించి ఉంచుతాయి కాబట్టి తక్కువ పల్స్‌ను సాధన ఫలితం అనుకోవద్దు. ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లూ, గర్భిణులూ డాక్టరును అడిగి మొదలెట్టాలి, ఆయాసంగా అనిపించిన క్షణం ఆపేయాలి. ఊపిరి మీద ధ్యాస పెడితేనే భయం ముంచుకొచ్చే మనుషులూ ఉంటారు. వాళ్లు దీన్ని బలవంతంగా చేయక్కర్లేదు, మెల్లటి నడకో పాటో మేలు. ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, లేదా బీపీ 180/120 దాటి తలనొప్పి, చూపు మసక ఉంటే ఊపిరి లెక్కపెడుతూ కూర్చోకూడదు, 108కి ఫోన్ చేయాలి.

డాక్టరు దగ్గరికి మామూలు పరీక్షకు వెళ్లేటప్పుడు నోట్‌బుక్‌తో పాటు మీ బీపీ మిషన్ కూడా సంచిలో పెట్టుకెళ్లండి. అక్కడి మిషన్‌తో ఒకసారి, మీదానితో ఒకసారి ఒకే చేతికి చూడమనండి. రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే మీ పట్టీ సైజు సరిపోతోందో లేదో అడగండి. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.